చేయి తిరిగిన పని

కోటగోడ మీంచి కత్తివీరుడు మూడోసారి కింద పడ్డాడు.

"నాలుగు," అన్నాడు బావమరిది, బల్ల మీద దొర్లి ఆగిన ఇరవై ముఖాల పాచిక వైపు వంగి చూసి. "నాలుగుకి గోడెక్కలేవు బావా. ఇంకో ఆరు దెబ్బలు రాసుకో."

పెన్సిలుతో రాసుకున్నాడు బ్లేడు. అచ్చాఫీసులో కాగితం కోసే మిషను మీద పనిచేస్తాడు గనక ఆ పేరు. నోరు విప్పితే ఎదుటివాళ్ళ బుర్ర కోస్తాడన్న రెండో అర్థాన్ని తర్వాత బావమరిదే తగిలించాడు. అసలు పేరుతో ఈ బల్ల దగ్గర ఎవరికీ పనిపడలేదు.

"నేను ఎగురుతున్నాను," అన్నాడు మందుల షాపాయన, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"ఎగిరారు సార్. గోడ దాటారు."

"ఆయనకి పాచిక లేదా?" అన్నాడు బ్లేడు.

"మంత్రానికి పాచికేంటి బావా? చదివితే జరుగుతుంది. అందుకే దాన్ని మంత్రమన్నారు."

బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట అది. బావమరిది కథ నడుపుతాడు. కోట ఎక్కడుంది, కాపలా ఎంతమంది, తలుపు వెనక ఏముంది, అన్నీ అతనే చెబుతాడు. మిగతా ముగ్గురివీ తలా ఒక వేషం. మందులాయన మంత్రగాడు. లెక్కల టీచరమ్మ గాయాలు మాన్పే వైద్యురాలు, ఆవిడకీ అరడజను మంత్రాలున్నాయి. బ్లేడు కత్తివీరుడు. నియమాలన్నీ బావమరిది సొంతంగా రాసినవే. రెండేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నాలు అతని ముందుగదిలో ఆడి, సరిగా ఉన్నాయో లేదో చూస్తున్నారు. వచ్చే శనివారానికి అవి పుస్తకం కాబోతున్నాయి, అదీ బ్లేడు పనిచేసే అచ్చాఫీసులోనే.

గోడవతల తాళం వేసిన తలుపుంది. టీచరమ్మ జాలిపడి మంత్రగాడి చేత తాడు వేయించి బ్లేడుని పైకి లాగించింది. తాళం తను పగలగొడతానన్నాడు బ్లేడు. పాచిక వేశాడు. ఏడు. పగల్లేదు. మందులాయన రెండు ముక్కలు చదివాడు. తలుపు తెరుచుకుంది. లోపల పన్నెండుమంది కాపలావాళ్ళు. బ్లేడు ఒకణ్ణి నరికాడు. మందులాయన మిగతా పదకొండుమందినీ నిద్రపుచ్చాడు. తర్వాత ఆవులిస్తూ అన్నాడు.

"నా మంత్రాలైపోయాయి. ఇక పడుకుందామా?"

"కోటలోకి వచ్చి అరగంట కాలేదండీ," అన్నాడు బ్లేడు.

"మరి మంత్రాల్లేకుండా ఎలా? నన్ను చంపుతారా ఏంటి?"

పడుకున్నారు. అంటే, "పొద్దున్నయింది" అన్నాడు బావమరిది. మంత్రాలన్నీ తిరిగొచ్చాయి.

"చూశావా బామ్మర్దీ," అన్నాడు బ్లేడు పెన్సిలు కింద పెట్టి. "ఆయనకి రోజుకి ఆరే మంత్రాలు, నా కత్తికి లెక్కలేదు, అందుకని ఇద్దరం సమానమంటావు నువ్వు. ఆ ఆరూ అవగానే ఆయన పడుకుంటాడు. ఆయన పడుకుంటే అందరం పడుకోవాలి. లెక్కలేని కత్తి నేనేం చేసుకోను, పళ్ళు కుట్టుకోనా?"

టీచరమ్మ నవ్వింది. "అన్నయ్యగారు చెప్పేదాంట్లో న్యాయం ఉందండీ."

"న్యాయం కాదమ్మా, సహజత్వం కావాలి," అన్నాడు బావమరిది. కాలేజీలో పాఠం చెప్పే గొంతు అది. "కత్తి పట్టినవాడు మనిషి. మనిషి అన్నాక తప్పుతాడు. అందుకే పాచిక."

"ఇరవయ్యేళ్ళు చేసిన పనికి పాచికేంట్రా? రీములోంచి వంద కాగితాలు తియ్యమను, లెక్కపెట్టకుండా తీస్తా. రోజుకి యాభై సార్లు తీస్తా. పాచిక వేసుకుని తీస్తానా?"

"తీస్తావులే బ్లేడూ," అన్నాడు మందులాయన, "ఓ నాలుగు అటూ ఇటూగా."

బావమరిది గట్టిగా నవ్వాడు. బ్లేడుకి చెవులు వేడెక్కాయి. మందులాయన అతనికంటే పదేళ్ళు చిన్న.

"నేను రాసిచ్చిన ఎనిమిది పేజీలూ పెడుతున్నావా లేదా? అది చెప్పు."

"ఉన్నాయి బావా. పెడతానన్నాగా. ఎన్నిసార్లు కోస్తావు?"

ఆ ఎనిమిది పేజీలూ కోతలో మిగిలిన కాగితాల వెనక పెన్సిలుతో రాసినవి. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడి రాత, ఒత్తులు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చునేవి. కత్తివీరుడు గోడలెలా ఎక్కాలి, దారికడ్డంగా నిలబడి పదిమందిని ఎలా ఆపాలి, అన్నీ ఉన్నాయి. మొదటి నియమానికి పేరు కూడా పెట్టాడు. చేయి తిరిగిన పని. "పది యుద్ధాలు చూసిన కత్తివీరుడు తనకు చేయి తిరిగిన పనులు మూడు రాసుకోవాలి. వాటికి పాచిక అక్కర్లేదు. కథ నడిపేవాణ్ణి అడగనక్కర్లేదు. చేశానంటే జరుగుతుంది." అది అచ్చులో చూసుకోవాలని రెండేళ్ళుగా గోడల మీంచి పడుతూనే ఉన్నాడు.

సోమవారం పదింటికి, పేజీలు కూర్చే డీటీపీ అమ్మాయి కిటికీలోంచి పిలిచింది.

"బాబాయ్, మీ బామ్మర్దిగారి పుస్తకం వచ్చింది. చూస్తావా?"

బ్లేడు చేతులకంటిన కాగితపు దుమ్ము లాగు మీద తుడుచుకుని లోపలికెళ్ళాడు. ఆ అమ్మాయి కంప్యూటరు తెర మీద పేజీలు జరిపింది. మంత్రగాడి అధ్యాయం అరవై నాలుగు పేజీలు. వైద్యురాలిది ముప్ఫై. కత్తివీరుడిది రెండు.

"ఇంకా ఉండాలే. మళ్ళీ చూడు."

"రెండే బాబాయ్. మొత్తం నూటఅరవై. చక్కగా పది ఫారాలు."

ఉన్న ఆ రెండు పేజీలూ నిలబడే చదివాడు. గోడ ఎక్కడానికి ప్రయత్నించవచ్చు. శత్రువును పడదోయడానికి ప్రయత్నించవచ్చు. తలుపు బద్దలుకొట్టడానికి ప్రయత్నించవచ్చు. వేలితో తెర మీద ఒక్కోదాన్నీ తాకుతూ లెక్కపెట్టాడు. రెండు పేజీల్లో పదకొండు ప్రయత్నించవచ్చులు.

"ఇప్పుడు మంత్రాల్లోకి పో."

తలుపు తెరుచుకుంటుంది. శత్రువులు నిద్రపోతారు. మంత్రగాడు గాలిలోకి లేస్తాడు. ప్రయత్నించవచ్చు అన్నమాట ఒక్కచోట కూడా లేదు.

మధ్యాహ్నం టీ వేళ వీధిలోకొచ్చి ఫోను చేశాడు.

"నా ఎనిమిది పేజీలేవిరా?"

"బావా, క్లాసులో ఉన్నా."

"ఏవి?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది. "పట్టలేదు బావా. పుస్తకం ఫారాల లెక్కలో అచ్చవుతుందట కదా, ఫారానికి పదహారు పేజీలు. నీవి కలిపితే నూటఅరవై ఎనిమిది. పదిన్నర ఫారాలవుతాయి. సగం ఫారం ఎలా వేస్తారు? ఏదోటి తియ్యాలి, తీశాను. నీకు తెలీదుగానీ అచ్చులో ఇలాంటి ఇబ్బందులుంటాయి."

బ్లేడు ఫోను చెవి దగ్గర్నించి తీసి ఒకసారి దాని మొహం చూశాడు. అచ్చాఫీసు గుమ్మంలో నిలబడ్డవాడికి అచ్చు సంగతి తెలీదట. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే.

"హాఫ్ ఫారం వేస్తారు. ఒకే ప్లేటుతో కాగితం అటొకసారి ఇటొకసారి వేసి మధ్యకి కోస్తారు. కోసేది నేనే. మొన్న శనివారం కూడా కోశాను. ఇంకోసారి అబద్ధమాడేటప్పుడు నాకు తెలీని విషయంలో ఆడు."

"అబద్ధమేంటి బావా? నువ్వు పర్సనల్‌గా తీసుకుంటే నేనేం చెయ్యను? సరే, అసలు సంగతి చెబుతా విను. ఆ రాతలు పుస్తకంలో పెట్టేలా లేవు. నియమానికి ఒక భాష ఉంటుంది. 'చేయి తిరిగిన పని' ఏంటి, వంటల పుస్తకమా?"

ఫోను పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి కబురు ముందే చేరింది. భార్య చాకుతో ఉల్లిపాయ కోస్తూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

"మా తమ్ముణ్ణి ఫోన్లో తిట్టారంట."

"తిట్టలేదు. అడిగాను."

"ఏళ్ళ తరబడి రాసుకున్నాడు వాడు. ఆడుకోడానికి పిలిస్తే వెళ్ళి ఆడుకోక, ఆ పుస్తకంలో మీకు వాటా ఏంటండీ? వాడి చదువేంటి, మీ చదువేంటి? ఇంట్లో చాకుకి పదును పెట్టమని నెల్నించీ మొత్తుకుంటున్నా. లేని కత్తికి మాత్రం నియమాలు రాస్తారు."

బ్లేడు ఆమె చేతిలోంచి చాకు తీసుకున్నాడు. పెరటి గట్టు మీద కూర్చుని, నీళ్ళు చిలకరించి, సానరాయి మీద అరగంట నూరాడు. తెచ్చి ఉల్లిపాయ పక్కన పెట్టాడు. ఆమె ఒక్క వేటుతో దాన్ని తెగ్గొట్టి, రెండో ఉల్లిపాయ తీసుకుంది.

మంగళవారం మందుల షాపుకి సెలవు. పుస్తకం అచ్చుకెళ్ళేలోపు ఆఖరిసారి ఆడి చూద్దామని సాయంత్రం ఆరింటికి అందరూ షాపు వెనకగదిలో చేరారు. గోడల నిండా అట్టపెట్టెలు, మధ్యలో బల్ల. బ్లేడు రాడనుకున్నారు. వచ్చాడు. కూర్చోకుండానే తన కత్తివీరుడి కాగితం తీసి మందులాయన ముందు పెట్టి, ఆయన మంత్రగాడి కాగితం తన వైపు లాక్కున్నాడు.

"ఇవాళ నేను మంత్రగాణ్ణి. సార్ కత్తి పడతారు."

"అదేంటి బావా కొత్తగా?"

"మార్చి చూస్తేనే కదా పరీక్ష అంటారు," అంది టీచరమ్మ. "మా బళ్ళో కూడా ఒకళ్ళ పేపర్లు ఒకళ్ళు దిద్దుతాం."

మందులాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇవ్వండి. కత్తి తిప్పడమేగా, నిద్రలో తిప్పుతా."

అదే కోట. మందులాయన గోడ ఎక్కుతానన్నాడు. పాచిక వేశాడు. మూడు. పడ్డాడు. మళ్ళీ వేశాడు. ఆరు. మళ్ళీ పడ్డాడు. బ్లేడు కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మంత్రం చదివాడు.

"మంత్రగాడు గాలిలోకి లేస్తాడు. లేచాను. గోడ దాటాను."

"నాకు తాడెయ్యి," అన్నాడు మందులాయన.

"మంత్రంలో తాడు రాసి లేదండీ."

తలుపు తెరుచుకుంది. కాపలావాళ్ళు నిద్రపోయారు. రాక్షసుడు బావమరిది మూడు పేజీల వర్ణన పూర్తిచేసేలోపు రాయైపోయాడు. బ్లేడు ఒక్క ముక్క ఎక్కువా అనలేదు, తక్కువా అనలేదు. కొలబద్ద పెట్టి కోసినట్టు రాసింది రాసినట్టు చదివాడు. గోడ గడియారంలో ఆరూ ఇరవై ఐదు.

"ఆరు మంత్రాలూ అయిపోయాయి," అన్నాడు. "పడుకుందామా?"

"పడుకోడమేంటయ్యా? నేనింకా గోడవతలే ఉన్నాను!" మందులాయన పాచికని బల్ల మీద విసిరికొట్టాడు. అది ఎగిరి దగ్గు మందు పెట్టెల మధ్య పడింది. "ఇదేం ఆటండీ? ఇరవయ్యేళ్ళు కత్తి పట్టినవాడు ఒక్క గోడెక్కలేడా? నేను ఇరవయ్యేళ్ళుగా మందులిస్తున్నాను. జలుబు మాత్రకీ కడుపునొప్పి మాత్రకీ తేడా కనుక్కోడానికి పాచిక వేస్తానా? చేసి చేసి అలవాటైన పనికి పాచిక ఉండకూడదు!"

టీచరమ్మ బ్లేడు వైపు చూసింది. బ్లేడు బావమరిది వైపు చూశాడు.

బావమరిది అప్పటికే పెన్ను మూత తీశాడు. "మంచి పాయింటు సార్. చాలా మంచి పాయింటు. అలవాటైన పనికి పాచిక ఉండకూడదు. రాసుకుంటున్నాను."

"అది నేను చెప్పిందే కదరా," అన్నాడు బ్లేడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "మొన్న ఆదివారం చెప్పాను. రెండేళ్ళుగా చెబుతున్నాను. ఎనిమిది పేజీలు రాసిచ్చాను."

"నువ్వు చెప్పింది వేరు బావా," అన్నాడు బావమరిది రాస్తూనే. "నువ్వు గొడవగా చెప్పావు. సార్ లాజిక్‌గా చెప్పారు."

అంటే సంగతి ఇదన్నమాట. మందులాయన నోరు తెరిస్తే తలుపు తెరుచుకుంటుంది. బ్లేడు నోరు తెరిస్తే పాచిక వెయ్యాలి. రెండేళ్ళలో ఒక్కసారీ పన్నెండు దాటి పడలేదు.

"మరి ఫారం?" అన్నాడు లేస్తూ. "సగం ఫారం వెయ్యరన్నావుగా?"

"అడుగుతాలే బావా. ఏదో దారుంటుంది."

బ్లేడు పెట్టెల సందులో చెయ్యిపెట్టి పాచిక తీశాడు. బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

బుధవారం మధ్యాహ్నానికి కొత్త పేజీలొచ్చాయి. మొత్తం నూటఅరవై ఎనిమిది, పదిన్నర ఫారాలు. ఏ ఇబ్బందీ రాలేదు. గురువారం పొద్దున బావమరిది కాలేజీకి పోతూ దారిలో ఆగి, ఆఖరి ప్రూఫు మీద పేజీ పేజీకీ సంతకం పెట్టాడు. కటింగు మిషను ముందునుంచే నడిచి వెళ్ళాడు. "వస్తా బావా" అన్నాడు. బ్లేడు కాగితాల దొంతిని బల్లకేసి తట్టి అంచులు సరిచేస్తున్నాడు.

అతను వెళ్ళాక డీటీపీ గదిలోకెళ్ళాడు.

"చూపించు."

పేజీలు ఎనిమిదీ తనవే. గోడలెక్కడం, దారికడ్డం నిలబడటం, అన్నీ తను రాసిన వరసలోనే ఉన్నాయి, ఒత్తులు మాత్రం సరిచేసి. మొదటి నియమం దగ్గర పేరు మారింది. సిద్ధహస్త నియమం. "అనుభవజ్ఞుడైన కత్తివీరుడు, కథ నడిపేవారి అనుమతితో, తనకు అభ్యాసమున్న కార్యాన్ని పాచిక లేకుండా ప్రయత్నించవచ్చు."

"పాచిక లేకుండా ప్రయత్నించడమంటే గెలిచినట్టా, ఓడినట్టా బాబాయ్?" అంది ఆ అమ్మాయి.

"అడుక్కున్నట్టు."

చివర్లో కృతజ్ఞతల పేజీ ఉంది. పేజీ అడుగున, కత్తివీరుడి అధ్యాయానికి మూలమైన ఆలోచన ఇచ్చినందుకని మందులాయన పేరు, డిగ్రీతో సహా. టీచరమ్మ పేరు. అట్ట మీద బొమ్మ వేసినవాళ్ళ పేరు. ఓపిగ్గా ఇల్లు సర్దినందుకు బావమరిది భార్య పేరు. బ్లేడు రెండుసార్లు చదివాడు. ఇంకో పేరేదీ లేదు.

"అచ్చు ప్లేట్లు ఎప్పుడు చేస్తారు?"

"మూడింటికి పంపమన్నారు."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. పెన్సిలు రాత. బల్ల మీద పరిచి, బొటనవేలితో మడత నొక్కాడు.

"ఈ నియమం తీసేసి, ఇది పెట్టాలి."

ఆ అమ్మాయి చేతులు కీబోర్డు మీంచి తీసేసింది. "సార్ సంతకం పెట్టేశారు బాబాయ్. ఆయన్ని అడగొద్దూ?"

"రెండేళ్ళు అడిగాను."

ఆమె ఆ నాలుగు లైన్లూ చదివింది. పెదాలు కదులుతూ ఉంటే బ్లేడు తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇదే బాగుంది. దీనికైతే అర్థముంది," అని కుర్చీలోంచి లేచింది. "'చ' ఇక్కడ. 'జ' ఇక్కడ. ఒత్తుకి ఇది నొక్కాలి. తప్పు పడితే ఇది. నేను టీకి పోతున్నా బాబాయ్. నేనేం చూళ్ళేదు."

ఒక్క వేలితో కొట్టాడు. ఒక లైనుకి పది నిమిషాలు పట్టింది. "అక్కర్లేదు"లో ఒత్తు రెండుసార్లు తప్పింది, చెరిపి మళ్ళీ కొట్టాడు. అయ్యాక పెన్సిలు కాగితం తెర పక్కన పట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాడు. కృతజ్ఞతల పేజీ జోలికి పోలేదు. ఒకళ్ళు పెట్టే పేరు తనంతట తను పెట్టుకోవడం అతనికి చేతకాదు.

శనివారానికి పుస్తకాలు కుట్టి, అట్టలు అంటించి, దొంతరలుగా అతని మిషను దగ్గరికొచ్చాయి. ఇక మూడు వైపులా అంచులు కోయడమే మిగిలింది. బ్లేడు కొత్త కత్తి బిగించాడు. మొదటి దొంతర లోపలికి తోసి, కొలత చూపే వెనక గేజీకి ఆనించి, కాగితాలు కదలకుండా పట్టే క్లాంపు దించాడు. కృతజ్ఞతల పేజీలో మందులాయన పేరు అడుగంచుకి చాలా దగ్గరగా పడింది. గేజీ అర సెంటీమీటరు జరిపితే చాలు, డిగ్రీతో సహా ఆ లైను కింద చెత్తబుట్టలో ఉంటుంది. బ్లేడు గేజీ చక్రం మీద చెయ్యి వేశాడు. గీత మీదికి తెచ్చాడు. సరిగ్గా గీత మీదికి. తప్పు కోత కోయాలంటే ఆ చెయ్యి కొత్తగా నేర్చుకోవాలి.

రెండు చేతులతో రెండు మీటలూ కలిపి నొక్కాడు. కత్తి దిగింది.

నాలుగింటికి బావమరిదీ మందులాయనా కలిసి వచ్చారు. ఇంకా వెచ్చగా ఉన్న పుస్తకం అందుకుని బావమరిది ముందు అట్ట నిమిరాడు, తర్వాత వాసన చూశాడు, తర్వాత తెరిచాడు. అతని చెయ్యి కత్తివీరుడి అధ్యాయం దగ్గర ఆగడం బ్లేడు చూశాడు. మీటలు నొక్కాడు. కత్తి దిగింది, లేచింది.

"ఇదేంటి? ఎవర్నడిగి మార్చావ్?"

ఇంకో దొంతర తోశాడు బ్లేడు. "రెండో లైను చదువు."

"బావా, నేను సంతకం పెట్టిన ప్రూఫు ఇది కాదు! ఎవర్నడిగి—"

"చదవరా. చదువుకున్నవాడివేగా."

బావమరిది చదివాడు, పళ్ళ బిగువున. "వాటికి పాచిక అక్కర్లేదు. కథ నడిపేవాణ్ణి..." అక్కడ ఆగిపోయాడు.

మందులాయన అతని భుజం మీంచి తొంగిచూసి మిగతాది తనే పూర్తిచేశాడు. "అడగనక్కర్లేదు. చేశానంటే జరుగుతుంది." మొహం విప్పారింది. "భలే రాశావయ్యా బ్లేడూ! నేను చెప్పింది సరిగ్గా ఇదే. చేయి తిరిగిన పని. ఎంత బాగుంది ఆ మాట! ఆ సిద్ధహస్తమో ఏదో అంటే నాకే నోరు తిరగలేదు."

బావమరిది పుస్తకం చప్పున మూశాడు.

"సార్ బాగుందంటున్నారు," అన్నాడు బ్లేడు క్లాంపు దించుతూ. "అంటే లాజిక్‌గానే ఉండుంటుంది."

కత్తి దిగింది. ఆ చప్పుడులో బావమరిది ఏదో అన్నాడు. వినపడలేదు. బ్లేడు మళ్ళీ చెప్పమని అడగలేదు.

"రేపటి ఆటకి వేషాల కాగితాలు వంద కావాలి," అన్నాడు బావమరిది చివరికి, పొడిగా. 'బావా' అనలేదు.

కోసిపెట్టిన కాగితాల గుట్ట పక్క బల్ల మీద ఉంది. బ్లేడు దానివైపు సగం తిరిగి, బొటనవేలు అంచులో దూర్చి, ఒక్కసారి విదిల్చి, పై కట్ట ఎత్తాడు. బావమరిది చేతిలో పెట్టాడు.

"వంద. లెక్కపెట్టుకో."

బావమరిది వేలు తడిచేసుకుని అక్కడే నిలబడి ఒక్కొక్కటీ తిప్పడం మొదలుపెట్టాడు. మందులాయన కూడా పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. బ్లేడు ఇంకో రెండు దొంతరలు కోశాడు. ఆఖరి కాగితం దగ్గర బావమరిది వేలు ఆగింది. "వంద," అన్నాడు మందులాయన. బావమరిది కట్ట తిరగేసి, మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.